కొండలెక్కేవాళ్ల పొయ్యి

అరచేతిలో పెట్టుకుంటే అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉంది, అంతే. మడత విప్పితే మూడు కాళ్లు ఎండ్రకాయ కాళ్లలాగా బయటికి వచ్చాయి. ఓబులేసు దాన్ని విప్పాడు, మూశాడు, మళ్లీ విప్పాడు. గోదాములో మూటలు మోసి మోసి మొద్దుబారిన వేళ్లకు అది సరిగ్గా చిక్కడం లేదు.

"ఇది పొయ్యంటే నన్ను నమ్మమంటావా?" అన్నాడు పక్కనున్న నూర్ బాషాతో.

నూర్ బాషాది రాయచోటి. అదే గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. గదిలో ఓబులేసు పక్క మంచం అతనిదే. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు అటూ ఇటూ ఊపి చూడటం అతని అలవాటు. పొయ్యిని తీసుకుని ఊపాడు. కాళ్లు గలగలమన్నాయి. పెదవి విరిచి తిరిగి ఇచ్చేశాడు.

చలికాలం వచ్చిందంటే కువైటీలు ఇళ్లు వదిలేసి బర్‌లో గుడారాలు వేసుకుంటారు. బర్ అంటే ఊరి బయట ఎడారి. ఇంట్లో అన్నీ ఉన్నవాళ్లకు ఏమీ లేని చోట కూర్చుని టీ తాగాలనిపిస్తుంది కాబోలు. వాళ్ల కోసం షువైఖ్ బజారులో ఈ కాలమంతా దుకాణాలు గుడారాలతో, మడత కుర్చీలతో, బొగ్గు సంచులతో నిండిపోయి ఉంటాయి. ఈ దుకాణంలో అమ్మే ముబీన్‌ది హైదరాబాదు. శుక్రవారం కావడంతో బేరాలు ఎక్కువున్నా, ఈ ఇద్దరి దగ్గరికీ తీరిగ్గానే వచ్చాడు.

"గ్యాస్ బుడ్డి మీద మర తిప్పి కూసోబెట్టుడే భాయ్. కొండలెక్కేటోళ్లు వీపు సంచిల ఏస్కపోతరు. బరువే ఉండదు."

"కువైట్లో కొండ యాడుందబ్బా?" అన్నాడు నూర్ బాషా.

"కొండ లేదు గానీ ఎక్కేటోళ్లు మస్తున్నరు." ముబీన్ నవ్వు ఆపుకోలేదు. "నెల సంది లేబరంత కొండలే ఎక్కుతున్నరు. నిన్న ఒకాయన వచ్చిండు, గోర్లనిండ సిమెంటు. ట్రెక్కింగ్ పోతున్న అన్నడు. మంచిగ పో అన్న."

ఇద్దరూ దొంగల్లా నవ్వారు. ఆ తర్వాత బేరం సులువైంది, దాచుకోవడానికేమీ లేదు కనుక.

ముబీన్ మూడు రకాలు తీసి గల్లా బల్ల మీద పెట్టాడు. ఒకటి పెట్టె పొయ్యి. చదరంగా నేలకు అతుక్కుని కూర్చుంటుంది, పొడుగు గ్యాస్ డబ్బా పక్కన పడుకుంటుంది. ఎంత పెద్ద గిన్నె పెట్టినా కదలదు. రెండోది సన్నటి పైపుతో బుడ్డికి దూరంగా కూర్చునేది, కాళ్లు వెడల్పు. మూడోది ఈ ఎండ్రకాయ.

"పెట్టె పొయ్యి తీసుకుందాం," అన్నాడు నూర్ బాషా. "సంగటి కెలకాలంటే కింద గట్టిగుండాల. ఇది కెలికితే నిలబడ్తాదా? బుడ్డి మీద పొయ్యి, పొయ్యి మీద గిన్నె. సర్కస్ మాదిరుంది."

"పెట్టెను యాడ దాచేది? క్యాంపు బాసు సుధాకర్ మంచాల కిందికి టార్చి కొట్టి చూస్తాడు."

"అయితే పైపుది."

ఓబులేసు పైపుదాన్ని మడిచి చూశాడు. టిఫిన్ డబ్బా అంత అయింది. అతని మనసులో ఉన్నది పిండి డబ్బా. రాగిపిండిలో చెయ్యి పెట్టి వెతికే మనిషి ఇంకా పుట్టలేదని అతని నమ్మకం. ఆ పిండిలో మునగాలంటే ఎండ్రకాయే మునుగుతుంది.

"ఇదే ఇయ్యి భాయ్. కెలికేటప్పుడు దించి కెలుకుతాం."

ముబీన్ దాన్ని సంచిలో వేస్తూ, వాళ్ల ముఖాలు చూడకుండా, "రూంల ముట్టియ్యకుండ్రి. ముట్టిచ్చినా కిటికీ తెర్సుండ్రి," అన్నాడు.

తిరిగి నడుస్తుంటే నూర్ బాషా సంచి వైపు మళ్లీ మళ్లీ చూశాడు. కిందటి నెల పక్క పేటలో ఒక బిల్డింగు కాలిపోయింది. గదిలో వంట చేసుకుంటుంటే అంటుకుందన్నారు. పోయినవాళ్లలో నూర్ బాషాకు తెలిసినవాడు ఒకడున్నాడు. మర్నాడే కంపెనీవాళ్లు తమ బిల్డింగులో ప్రతి గదిలోంచీ పొయ్యిలు, సిలిండర్లు ఏరుకుపోయారు. పికప్ బండి పక్కన నిలబడి ఎక్కించింది క్యాంపు బాసు సుధాకరే. కడపవాడు, మనవాడు. కింద అందరికీ ఒకే పెద్ద వంటగది కట్టిస్తామని, అప్పటిదాకా మెస్సు డబ్బాలు వస్తాయని చెప్పాడు. గది ఉంది కూడా. దాని నిండా ఓనరు గుడారాలు, తివాచీలు, బర్‌లో వండే మూడు రింగుల ఇనప పొయ్యిలు సర్ది తాళం వేశారు. పోయిన గురువారం ఆ సామానంతా లారీకి ఎత్తింది ఓబులేసు ముఠానే. తన వంటగదిలోంచి తనకు లేని పొయ్యిని భుజాన మోసుకుంటూ మెట్లు దిగినప్పుడు ఓబులేసుకు కడుపు మండిపోయింది.

ఈ పొయ్యీ, ఈ మంటా అంతా చిన్నపుల్లయ్య కోసం. ఆయన ఓబులేసుకు చిన్నాయన. ఒకే ఊరు, ఒకే ముఠా, ఒకే గది. మెస్సు డబ్బా మొదలైనప్పటి నుంచి ఆయనకు తిన్నది తిన్నట్టు బయటికొస్తోంది. లావు బియ్యం అన్నం, పైన నూనె తేలే పులుసు, తోలులాగా సాగే రొట్టె. ముఠావాళ్లు ఆయన వంతు మూటలు తాము ఎత్తి, ఆయనకు చిరిగిన సంచుల మూతులు కుట్టే పని ఇచ్చారు. ఫోర్‌మన్ కంట పడకుండా ఇది ఎంతకాలం సాగుతుందో ఎవరికీ తెలియదు. పని చేతకాదని తేలిన మనిషిని కంపెనీ ఉంచుకోదు, ఎగ్జిట్ కొట్టి పంపేస్తుంది. చిన్నపుల్లయ్యకు బాధ ఇంటికి పోవడం గురించి కాదు. ఆయన భార్య సంజీవమ్మ ఇక్కడే ఎగైలాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తోంది. ఈయన పోతే ఆమె ఈ దేశంలో ఒక్కతే.

*

తెడ్డు కూడా పొయ్యిలతోపాటు పికప్‌లో పోయింది. శనివారం గోదాములో విరిగిన ప్యాలెట్ నుంచి ఒక చెక్క ఏరుకొచ్చి, గాజుపెంకుతో గీకుతూ కూర్చున్నాడు ఓబులేసు. పొట్టు ఒడిలో పడుతోంది. చిన్నపుల్లయ్య మంచం మీద ముడుచుకుని పడుకుని చూస్తున్నాడు.

"అడుగున ఎడల్పు ఉండాలరా. చేతికాడ సన్నం చెయ్యి. ఆడ కాదు, ఇంకొంచెం పైకి."

"నువ్వు మాట్లాడొద్దు చిన్నాయనా. ఆయాసం."

"మాట్లాడితే ఏం పోతాదిలే. ఏంటికిరా నీకీ యాతన?"

"నీకు కాదులే, నాకు తినాలనుంది."

కిటికీ తెరిచారు. తలుపు కింద సందుకు తడి గోనెపట్టా తోశారు. ఎండ్రకాయను బుడ్డి మీద బిగించి నీలం మంట వెలిగించాడు ఓబులేసు. రూపాయి బిళ్లంత మంట. దాని మీద వాళ్ల అల్యూమినియం దేగిశా పెడితే చిన్నపిల్ల తల మీద గడ్డిమోపులాగా ఊగింది. నూర్ బాషా రెండు చేతులా గుడ్డలతో పట్టుకుని కూర్చున్నాడు. నూకలు నడిమధ్య కుతకుతమంటున్నాయి, అంచుల్లో చల్లగానే ఉన్నాయి. కిటికీ గాలికి మంట పక్కకు వాలుతుంటే ఓబులేసు అట్టముక్క అడ్డం పెట్టాడు. కాసేపటికి నూర్ బాషా బుడ్డి మీద చెయ్యి వేసి చటుక్కున తీశాడు.

"తియ్యి, అట్ట తియ్యి! బుడ్డి కాలిపోతాంది. లేస్తే మనమే కాదు, బిల్డింగే లేస్తాది."

అట్ట తీసేశారు. ఆ తర్వాత వంట పూర్తయ్యేదాకా నూర్ బాషా ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో చెయ్యి బుడ్డి మీదే పెట్టి కూర్చున్నాడు, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు. ఓబులేసు నూకల మీద పిండి కుప్పగా పోసి, నడుమ కట్టెతో గుంట పొడిచి మూత పెట్టాడు. పిండి ఉడికాక దేగిశా కిందికి దించి, అరికాళ్ల మధ్య అదిమిపట్టుకుని రెండు చేతులా కెలికాడు. తెడ్డు అంచుకు తగిలి ఠంగుమన్నప్పుడల్లా ముగ్గురూ తలుపు వైపు చూశారు. ఉండలు కట్టింది. నొక్కి నొక్కి ఉండలు చిదిపాడు. చేతులకు నీళ్లు తడుపుకుని ముద్ద చేసి పళ్లెంలో పెట్టేసరికి వీపు చెమటతో తడిసిపోయింది.

శెనక్కాయల పొడి, పచ్చి ఉల్లిపాయ. తాలింపు వాసన బయటికి పోతుందని పులుసు పెట్టలేదు. చిన్నపుల్లయ్య లేచి కూర్చుని, ముద్దలో వేలుతో గుంట చేసి, పొడి వేసుకుని, చిన్న ముక్క తుంచి మింగాడు. ఇద్దరూ ఆయన గొంతు వైపే చూస్తున్నారు. ఇంకో ముక్క తుంచాడు. ఇంకొకటి.

"ఎట్లుంది?"

"మా అమ్మ చేసినట్టుందిరా," అన్నాడు ఆయన.

అబద్ధమని ముగ్గురికీ తెలుసు. అడుగు మాడిన వాసన గదంతా ఉంది. అయినా నూర్ బాషా తొడ చరుచుకుని నవ్వాడు. ఓబులేసుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఉల్లిపాయ నెపంతో తుడుచుకున్నాడు. ఆయన ముద్ద సగం తిన్నాడు. మెస్సు డబ్బా వచ్చాక ఆయన అంత తినడం అదే మొదలు. తిన్నాక కాసేపు గోడకు ఆనుకుని, స్నానం చేసొస్తానని తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూముకు వెళ్లాడు.

ఆదివారమూ వండారు. సోమవారమూ. మంట ఎంత తగ్గిస్తే అడుగు మాడదో, ఎన్ని నీళ్లకు ఎంత పిండో ఓబులేసుకు అలవాటైంది. చిన్నపుల్లయ్య ప్రతిరోజూ తిన్నాడు, బాగుందన్నాడు, తువ్వాలు వేసుకుని స్నానానికి పోయాడు. పగలు సంచులు కుడుతుంటే ఆయన చేతి వణుకు తగ్గినట్టే కనిపించింది ఓబులేసుకు. కనిపించాలని అంత గట్టిగా చూశాడు మరి.

*

మంగళవారం తెడ్డు చేతిలో ఉండగానే తలుపు తెరుచుకుంది. గడియ పెట్టడం మరిచిపోయింది నూర్ బాషా. సుధాకర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో టార్చి. కాళ్ల దగ్గర ముడతలు పడ్డ తడి గోనెపట్టా.

దేగిశా ఓబులేసు అరికాళ్ల మధ్య ఉంది, లేద్దామన్నా లేవలేడు. పక్కనే ఎండ్రకాయ ఇంకా వేడిగా చిటపటమంటోంది. సుధాకర్ దాన్ని చూశాడు, బుడ్డిని చూశాడు, ఆఖరికి మంచం మీద పళ్లెం ముందు పెట్టుకుని కూర్చున్న చిన్నపుల్లయ్యను చూశాడు.

ఓబులేసు తిట్టు నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాడు. వంటగదిలో ఓనరు గుడారాలు పెట్టుకుని మా పొయ్యిలు పీకుతావా అని మొదలుపెట్టాలని నెల నుంచి అనుకుంటున్నవన్నీ.

సుధాకర్ లోపలికొచ్చి తలుపు మూశాడు. బూట్లు విప్పాడు.

"పెద్దాయనకా?" అన్నాడు.

"ఆయనకే."

"తింటాండాడా?"

"తింటాండాడు. మెస్సుదైతే కక్కుకుంటాండె. ఇది తింటాండాడు."

చిన్నపుల్లయ్య తన పళ్లెంలోంచి చిన్న ముద్ద తీసి, పొడి అద్ది చెయ్యి చాపాడు. "తీసుకో నాయనా. నువ్వూ ఎన్నాళ్లయిందో తిని." సుధాకర్ వద్దనలేదు. నిలబడే తిన్నాడు. నమిలేటప్పుడు కళ్లు దించుకున్నాడు.

"నేను చూడలేదు," అన్నాడు బూట్లు తొడుక్కుంటూ. "కిటికీ మాత్రం ముయ్యొద్దు అన్నా. గురువారం మేనేజరు వస్తాడు, ఆ రోజు వద్దు. తక్కిన దినాలు మీ ఇష్టం."

అతను పోయాక నూర్ బాషా రెండు చేతులూ చెవులకు ఆనించుకుని దేవుడికి మొక్కాడు. ఆ రోజు గదిలో పండగలాగా ఉంది. కంపెనీ వంగింది, పొయ్యి నిలబడింది, చిన్నాయన తింటున్నాడు, ఇంకేం కావాలి. ఓబులేసు ఒక్కడికే లోపల ఏదో వెలితిగా అనిపించింది. నెలరోజులుగా తిట్టుకోవడానికి ఒక మనిషి ఉన్నాడు. ఇప్పుడు వాడూ మంచివాడైపోయాడు.

*

శుక్రవారం బాత్రూము కడిగే వంతు ఓబులేసుది. ఆ అంతస్తులో అన్ని గదులకూ కలిపి ఒకటే బాత్రూము. మోరీ పూడుకుపోయి నీళ్లు చీలమండల దాకా నిలిచాయి. ప్యాంటు మడుచుకుని, జాలీ పైకెత్తి, చెయ్యి లోపలికి పెట్టాడు. వెంట్రుకలు, సబ్బు ముక్కలు వస్తాయనుకున్నాడు. వచ్చింది మెత్తగా, ముద్దగా, నల్లగా ఉంది. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే. పిడికిలి తెరిచి చూస్తే రాగిపిండి. మధ్యలో నమలని నూకలు.

ఆ బిల్డింగులో సంగటి తినేవాళ్లు ముగ్గురే. ఓబులేసు కక్కలేదు. నూర్ బాషా కక్కలేదు.

నీళ్లల్లో అలాగే కూర్చుండిపోయాడు. తువ్వాలు భుజాన వేసుకుని పోవడం గుర్తొచ్చింది. కుళాయి ధారగా పడుతున్న చప్పుడు గుర్తొచ్చింది. వారమంతా తను ముద్ద చేసి పెట్టడం, ఆయన ఇక్కడికొచ్చి వదిలేయడం. పొయ్యి, తెడ్డు, బుడ్డి మీద నూర్ బాషా చెయ్యి, అంతా ఈ మోరీలోకే వచ్చింది. మెస్సు తిండిది కాదు తప్పు, ఎప్పుడూ కాదు. అది అనుకోవడానికి కూడా భయం వేసింది ఓబులేసుకు.

చేతులు కడుక్కుని బయటికొస్తే చిన్నపుల్లయ్య మెట్ల మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. స్వెట్టరు ఆయన ఒంటి మీద కాక కొక్కేనికి తగిలించినట్టుంది. ఓబులేసు పక్కన కూర్చున్నాడు.

"మోరీ తీసినా చిన్నాయనా."

ఆయన స్వెట్టరు అంచు కిందికి లాక్కుంటూ, "ఎత్తి పొయ్యాల్సింది నేను. ఒంగితే కండ్లు తిరిగె," అన్నాడు.

"ఎప్పట్నించి?"

"మొదటి దినం నుంచే. గొంతు దిగుతాది. కడుపులో నిలబడదు. ఏదో అడ్డం ఉన్నట్టుంటాది ఈడ." గుండె కింద వేలు పెట్టి చూపించాడు.

"మరి ఏంటికి తింటివి? బాగుందంటివే!"

"నువ్వు కట్టె చెక్కుతాంటే ఎట్ల వద్దనేదిరా?"

ఓబులేసుకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "ఆస్పత్రికి పోదాం పా. ఈ పొద్దే."

"ఆస్పత్రికి పోతే రోగానికి పేరు పెడతారు. పేరు పడితే కంపెనీకి తెలుస్తాది. ఎగ్జిట్ కొడతారు." ఓబులేసు మోకాలి మీద చెయ్యి వేశాడు ఆయన. ఆ చేతికి బరువే లేదు. "మీ చిన్నమ్మ కాంట్రాక్టు రెండేండ్లు నిండందే కదలలేదు. నేను పోతే అది ఈడ ఎవురి మొగం చూడాల? ఉండేన్నాళ్లు ఉంటా. నువ్వు ఈ పొద్దు దాని కాడికి పిండి తేను పోతావు గదా, నాకు జలుబని చెప్పు. సంగటి తింటాండాడని చెప్పు. నామీద ఒట్టు."

*

ఫహాహీల్ వైపు పోయే బస్సులో ఓబులేసు ఎగైలా చేరేసరికి మధ్యాహ్నమైంది. సంజీవమ్మ పనిచేసే ఇంటి ముందు వీధి పొడవునా కార్లు ఆగి ఉన్నాయి. శుక్రవారం భోజనాలకు ఆ ఇంటి కొడుకులు, కూతుళ్లు, మనవలు అందరూ వస్తారు. అందరూ వస్తే చెత్త ఎక్కువ. చెత్త ఎక్కువైతే సంజీవమ్మ ఎక్కువసార్లు బయటికి రాగలదు. చిన్నపుల్లయ్య వారంవారం ఆమెను చూసేది వీధి చివర చెత్తడబ్బా దగ్గరే. గేటు మీద కెమెరా ఉంది కాబట్టి ఆమె దానికి వీపు పెట్టి, సంచుల మూతులు ముడేస్తూ మాట్లాడుతుంది.

మొదటిసారి రెండు నల్ల సంచులు ఈడ్చుకుంటూ వచ్చింది. చేతులకు మసాలా, అన్నం మెతుకులు. ఓబులేసు వెనక ఎవరూ లేకపోవడం చూసింది.

"యాడ ఆయన?"

"జలుబు చిన్నమ్మా. చలిగాలి వద్దని నేనే ఆపినా."

"సంగటి తింటాండాడా?"

"తింటాండాడు."

ఆమె సంచులు డబ్బాలో వేసి లోపలికి పోయింది. ఓబులేసు గోడ నీడలో నిలబడ్డాడు. లోపల్నుంచి పిల్లల అరుపులు, మాంసం వాసన. రెండోసారి సీసాల గంప ఎత్తుకొచ్చింది. ఒక్కొక్క సీసా తీసి వేస్తూ, తల ఎత్తకుండా అంది.

"అబద్ధం చెప్పొద్దురా ఓబులేసూ. ఈ వారమంతా ఫోన్లో మొగం చూపిచ్చల్యా. మాట్లాడేది ఆయన, నాకు కనపడేది మీ గది మిద్దె. ఫ్యాను చూసుకుంటా మాట్లాడతాండా నేను. నిన్న చెయ్యి అడ్డమొచ్చె. ఆ చెయ్యి ఆయనది కాదు. మా నాయన పోయేముందు అట్లనే ఉండె చెయ్యి."

ఒట్టు గుర్తొచ్చింది ఓబులేసుకు. కానీ నోరు దానంతట అదే తెరుచుకుంది. మోరీ సంగతి చెప్పాడు. సీసాలు పడే చప్పుడు ఆగిపోయింది. గేటు లోపల్నుంచి ఎవరో "సంజీ!" అని కేకేశారు. "జాయ, మామా," అని అరబ్బీలో వస్తున్నానని యజమానురాలికి బదులిచ్చి, ఖాళీ గంప తీసుకుని పరుగున వెళ్లిపోయింది.

మూడోసారి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చింది. చేతిలో సంచి నిండలేదు. సగం ఖాళీ సంచి, రావడానికి నెపం. ఏడ్చిన గుర్తులు ముఖాన లేవు. ముఖం కడుక్కుని వచ్చింది.

"పంపీ ఆయన్ని," అంది.

"చిన్నమ్మా..."

"క్యాంపు బాసుకు నువ్వే చెప్పు, పని చేతకాదని. ఊర్లో మా తమ్ముడున్నాడు. వేలూరు ఆస్పత్రికి తీసకపోతాడు. ఈడుంటే ఆ గదిలోనే పోతాడు, నేను ఈ డబ్బా కాడ సంచి పట్టుకోనుంటా."

"నువ్వే చెప్పొచ్చు గదా ఆయనకు, పొమ్మని."

"నేను పొమ్మంటే పోడు. నాకోసరం పోనంటాడు. ఇంకా మొండికేస్తాడు." సంచి మూతి గట్టిగా ముడేసింది, విప్పింది, మళ్లీ ముడేసింది. "నేను చెప్పిచ్చినానని తెలిస్తే మనసు ఇరిగిపోతాది ఆ మనిషికి. నన్ను నా పెండ్లామే వద్దనుకునె అనుకుంటాడు. నువ్వు చెప్పినావంటే నిన్ను తిట్టుకుంటాడు. తిట్టుకుంటానన్నా పోతాడు. నా పేరు రానియ్యొద్దు. ఎప్పటికీ రానియ్యొద్దు."

"పోయేముందు ఒకసారి చూడవా?"

"మామా యాడ పంపిస్తాది." గేటు దాకా పోయి, వెనక్కి తిరిగి చూడకుండా అంది. "పిండి ఈ తూరి వద్దులే."

*

సుధాకర్ శనివారం తన గదిలో మంచం మీద కాళ్లు చాపుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఓబులేసు చెప్పింది విని లేచి కూర్చున్నాడు.

"నేను చూడనట్టే ఉంటానంటిని గదన్నా. నాకేంటికి చెప్తాండావు? నాకు చెప్తే నేను మేనేజరుకు చెప్పాల. ఆయన ఒకటే మాటంటాడు, ఖలాస్ అని."

"ఖలాస్ అనిపీ అన్నా."

"మళ్లీ వద్దంటే కుదరదు."

"కుదరకపోనీ."

సుధాకర్ అతని వైపు విచిత్రంగా చూశాడు. సొంత చిన్నాయనను ఇలా వదిలించుకునేవాడిని మొదటిసారి చూస్తున్నట్టు. ఓబులేసు ఆ చూపు కింద నిలబడి, ఇంకేమీ చెప్పకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడు.

ఆదివారం గోదాములో సంచులు కుడుతున్న చిన్నపుల్లయ్యను ఆఫీసుకు పిలిపించారు. దబ్బనం సంచికే గుచ్చి వదిలి వెళ్లాడాయన. మళ్లీ గోదాములోకి రాలేదు. పని ముగించుకుని గదికి వచ్చేసరికి మంచం అంచున కూర్చుని ఉన్నాడు, కాళ్లకు చెప్పులతోనే.

"వచ్చే వారం లోపల పంపిచ్చేస్తారంట," అన్నాడు. "మేనేజరు మంచోడే. కూర్చోమన్నాడు." తర్వాత ఇద్దరినీ చూశాడు. "ఎవురో చెప్పినారు. ఫోర్‌మన్ కాదంట. ఎవురు చెప్పింటారు?"

చెప్పింది తనేనని నూర్ బాషాకు నిన్ననే ఓబులేసు చెప్పాడు, ఎవరు చెప్పమన్నారో మాత్రం చెప్పలేదు. అతను సాక్సు విప్పుకుంటూ తల ఎత్తలేదు.

"నేనే చిన్నాయనా," అన్నాడు ఓబులేసు.

చిన్నపుల్లయ్య సరిగ్గా వినపడనట్టు చూశాడు. "నువ్వా?"

"నేనే."

"నామీద ఒట్టు పెట్టినానే."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఓబులేసుకు. చిన్నపుల్లయ్య దిండు కింద నుంచి ఫోన్ తీసి నంబరు నొక్కాడు. ఈసారి ఫోన్ పైకప్పు వైపు తిప్పలేదు, ఎదురుగానే పెట్టుకున్నాడు. ఇక దాచేదేముంది.

"సంజీవీ. నన్ను పంపిచ్చేస్తాండారు."

వారం తర్వాత ఆయన ముఖాన్ని అప్పుడే చూస్తోంది ఆమె.

"పంపేదేంది! ఎవురు పంపేది? ఎవురు చెప్పినారు వాళ్లకు?"

"మన ఓబులేసే."

"వానికేం పొయ్యేకాలం వచ్చింది!" ఫోన్లోంచి ఆమె గొంతు గదంతా నిండింది. "వాని చేతులు పడిపోను! నీ ఎంగిలి తిని పెరిగినోడు గదా, నీ కూటికే అడ్డం పడినాడా! నన్ను ఒక్కదాన్ని చేసినాడు గదా! వాడు మనిషా, వానికి కడుపులో పేగులున్నాయా!"

నూర్ బాషా తల ఎత్తి ఓబులేసును చూశాడు. ఓబులేసు మంచం పట్టీ పట్టుకుని కూర్చున్నాడు. ఆమె ఆపలేదు. ఒక్క తిట్టు దగ్గర కూడా గొంతు తడబడలేదు. చిన్నపుల్లయ్యే ముందు మెత్తబడ్డాడు.

"ఊరుకోవే. ఊరుకో. పోనీలే, పోయి చూపిచ్చుకుంటా. బాగైతే మళ్లీ వీసా తీసుకుని వస్తా. నువ్వు ఏడవాకు. మామా ఇంటాదేమో, మెల్లిగా."

అలా చాలాసేపు ఆమెను ఓదార్చాడు. పోతానని నాలుగైదుసార్లు తన నోటితోనే అన్నాడు. చివరికి అలిసిపోయి ఫోన్ ఓబులేసు వైపు చాపి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "నువ్వే చెప్పుకో దానికి."

ఓబులేసు ఫోన్ అందుకున్నాడు. బియ్యం బస్తాల మధ్య ఎక్కడో నక్కి కూర్చున్నట్టుంది ఆమె. తల గుడ్డ కొస నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అతన్ని చూసి రెండు చేతులూ జోడించింది. మరుక్షణం గుడ్డ నోట్లోంచి తీసి గట్టిగా అరిచింది.

"ఏంటికి చెప్పినావురా? ఏంటికి చెప్పినావు?"

గోడ వైపు తిరిగిన చిన్నపుల్లయ్య భుజం కదలకుండా ఉంది. వింటున్నాడు.

"తప్పయిపోయింది చిన్నమ్మా," అన్నాడు ఓబులేసు, ఆయనకు వినపడేంత గట్టిగా.